పదకొండో నక్షత్రం, అల్లం దంచిన బిళ్ల

నక్షత్రాల మీద డాక్టరేట్ చేశానని చెబితే చాలు, "అయితే రాత్రంతా మేలుకునేవారా అండీ?" అని అడుగుతారు జనం. లేదు నాయనా, శుభ్రంగా నిద్రపోయాను. నా పరిశోధనలో ముప్పావు వంతు పటాన్‌చెరులో, ఉక్కు పోతపోసే ఒక ఫ్యాక్టరీ ల్యాబులో, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా జరిగింది. ఆ మాట ఎవరూ నమ్మరు. నమ్మకపోతే నాకు కోపం వస్తుంది. కోపం నాకు ఎలాగూ ముక్కు మీదే ఉంటుంది, అది మా నాన్న ఇచ్చిన ఆస్తి.

నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి పటాన్‌చెరుకి దగ్గర్లోని ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరుగా చేరాడు. నేను ఆ టౌన్‌షిప్ క్వార్టర్లలోనే పెరిగాను. ఎనభైల మొదట్లో యూనివర్సిటీలో పరిశోధనకు చేరినప్పుడు నాకిచ్చిన పని ఇది: మనకు దగ్గరలో ఉన్న పడుచు నక్షత్రాల్లో ఏ లోహం ఎంత ఉందో కొలవడం. పడుచువంటే మరీ నిన్నమొన్నటివి కావు, కొన్ని పదుల కోట్ల ఏళ్లవి. సూర్యుడి వయసు ముందు అవి బడికి పోయే పిల్లల కింద లెక్క.

సప్తర్షి మండలం అందరికీ తెలిసిందే కదా. ఆ ఏడుగురిలో మధ్యనున్న అయిదుగురు నిజంగానే ఒక కుటుంబం. ఒకే మబ్బులో పుట్టి, ఒకే దిక్కుగా, ఒకే వేగంతో కలిసి పోతున్నారు. రెండు కొసల్లో ఉన్న ఇద్దరు మాత్రం మన కంటికి పక్కన కనిపించే పరాయివాళ్లు. వశిష్ఠుడూ, ఆయన్ని అంటిపెట్టుకున్న అరుంధతీ కుటుంబంలో వాళ్లే. ఈ కుటుంబానికి ఆకాశమంతటా చెదిరిపోయిన చుట్టాలున్నారు, సూర్యుడి లాంటి చిన్న నక్షత్రాలు. అలాంటివి పదకొండు నా జాబితాలో ఉండేవి. ఈ బంధుత్వం బాగా ఒంటబట్టడం వల్లే, తరవాత నా పెళ్లిలో మిట్టమధ్యాహ్నం పురోహితుడు "అదిగో అరుంధతి" అని పైకి వేలు చూపిస్తే, "ఇప్పుడు నేల కింద ఉందండీ, రాత్రి ఎనిమిదికి రండి" అనేశాను. మా అమ్మ నడుం మీద గిల్లిన గిల్లుడు ఇప్పటికీ గుర్తుంది.

ఒకే మబ్బులో పుట్టినవాటిలో లోహాలన్నీ ఒకే పాళ్లలో ఉండాలి. ఉన్నాయా లేదా? అదే నా సిద్ధాంత గ్రంథమంతా.

కొలిచే పద్ధతి చెబుతాను, భయపడకండి. నక్షత్రం వెలుగును రంగులుగా విడదీసి, ఒక చిన్న గాజు పలక మీద ఫొటో తీస్తారు. పలక మధ్యలో బూడిదరంగు పట్టీ ఉంటుంది, అది నక్షత్రానిది. పట్టీలో అక్కడక్కడ సన్నటి గీతల్లాగా వెలుగు తగ్గిన చోట్లు కనిపిస్తాయి. ఒక్కో లోహం తన వాటా రంగుల్ని మింగేస్తుంది. ఏ రంగు పోయిందో చూస్తే ఏ లోహముందో తెలుస్తుంది, ఎంత పోయిందో కొలిస్తే ఎంత ఉందో తెలుస్తుంది. పట్టీకి పైనా కిందా ఆనవాలు కోసం ఇనుమును మండించి తీసిన గీతలు అచ్చు వేస్తారు, స్కేలు మీద గీతలున్నట్టు. నా పలకలన్నీ దక్షిణాదిన ఒక కొండమీది దుర్భిణితో మూడు విడతలుగా, వేర్వేరు నెలల్లో తీయించుకుని తెచ్చుకున్నాను.

తీసుకొచ్చాక చూస్తే, ఆ గీతల లోతు కొలిచే యంత్రం మా డిపార్ట్‌మెంటులో పడుకుంది. విడిభాగం విదేశం నుంచి రావాలన్నారు. వారం వారం అడిగేదాన్ని, వారం వారం "వస్తోంది" అనేవారు. ఆఖరికి నాన్న స్నేహితుడొకాయన, పటాన్‌చెరు ఫౌండ్రీలో ల్యాబ్ ఇన్‌చార్జి, మా ఇంటికి కాఫీకి వచ్చి నా ఏడుపంతా విన్నాడు.

"ఓసి పిచ్చిదానా, అలాంటి మిషను మా దగ్గరుంది. ఉక్కులో ఏం కలిసిందో మేమూ అలాగే కదా చూసేది, నిప్పు రాజేసి, పలక తీసి! పొద్దున పూట మా పలకలు నువ్వు చదివిపెట్టు. మధ్యాహ్నం నీ చుక్కలు నువ్వు చదువుకో."

అలా నేను రోజూ టౌన్‌షిప్ గేటు ముందు సంగారెడ్డి బస్సెక్కి, మందుల ఫ్యాక్టరీల దగ్గర చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఫౌండ్రీకి పోయేదాన్ని. చేతి సంచిలో టిఫిన్ డబ్బా, దాని పక్కన పాత చీర ముక్కల్లో చుట్టిన నక్షత్రాలు.

అక్కడ కొలిమి దగ్గర పెద్ద మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అవతల ఊళ్లో సొంత పొలం. పొద్దున్నే మోటరు వేసి, మడికి నీళ్లు పెట్టి, ఆ మట్టికాళ్లు కడుక్కుని షిఫ్టుకి వచ్చేవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. నేను మొదటిరోజు మర్యాదగా "ఉస్తాద్ గారూ" అన్నాను.

"ఉస్తాద్ అంటే సాలు బిడ్డా. మల్ల గారు ఏంది, రొట్టె మీద అన్నం బెట్టినట్టు?" అన్నాడు.

ఆయనకి యంత్రం అక్కర్లేదు. ముక్కను గ్రైండింగ్ రాయికి ఆనించి, ఎగిరే నిప్పురవ్వల పొడుగూ రంగూ చూసి, దాంట్లో కార్బన్ ఎంతో, క్రోమియం ఉందో లేదో చెప్పేవాడు. మేం పలక తీసి, కడిగి, ఆరబెట్టి, గంటన్నర తరవాత చెప్పేదీ దాదాపు అదే. అందుకని మా ల్యాబంటే ఆయనకి కాస్త చిన్నచూపు. నా నక్షత్రాల మీద మాత్రం మహా కుతూహలం. ఒకరోజు చాయ్ వేళప్పుడు పలకను కిటికీ వెలుతురుకి ఎత్తి చూపించాను.

"మా ఉక్కు పలకల ఏది ఉంటె దాని గీత మెరుస్తది. నీ చుక్కల ఏంది, గీత ఉన్నకాడ వెలుగే లేదు?"

"వెలుగు లేని చోటే లోహం ఉన్నట్టు ఉస్తాద్. లోహం దాన్ని మింగేసింది."

"అంటే లేనిదాన్ని కొలుస్తవా?" అని పలకను కాస్త పక్కకి తిప్పి, "మా ఇంట్ల గట్లనే. పెరుగు గిన్నె ఎంత ఖాలీ ఉంటె పిల్లి అంత తిన్నట్టు," అన్నాడు. సిద్ధాంత గ్రంథం మొదటి అధ్యాయంలో నేను పదహారు పేజీల్లో రాసింది ఇదే.

ఆయన కూర్చునే రేకుల గదిలో గోడకి ఒక గూడు ఉండేది. అందులో పోతపోసిన ముక్కలు పదో పన్నెండో, ఒక్కదాని మీదా నంబరు లేకుండా, వరుసగా పేర్చి ఉండేవి. కొలిమిలో ఒక్కసారి కరిగించి పోసిన లోహాన్ని అక్కడ ఒక హీట్ అంటారు. ఒక హీట్‌లోంచి వాల్వు పోసినా, పైపు పోసినా, పాళ్లు ఒకటే. ప్రతి హీట్ నుంచీ అరచేతిలో ఇమిడే ఒక గుండ్రటి బిళ్ల పోసి ల్యాబుకి పంపుతారు. మేం సరే అన్నాకే ఉస్తాద్ ఆ హీట్ ముక్కలన్నిటి మీదా సుత్తీ పంచూ పెట్టి నంబరు కొట్టేవాడు.

"మరి ఇవేంటి?" అన్నాను గూడు చూపించి.

"తప్పిపోయినయ్. ఏ హీట్‌వో తెల్వదు."

"తెలియకపోతే తుక్కులో పారేయచ్చుగా?"

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "తుక్కుల ఏస్తే యాడికి పోతది? తిరిగి కొలిమిలకే వస్తది. దాన్ల ఏమున్నదో తెల్వక ఏస్తివా, మంచి హీట్ గూడ ఖరాబ్ అయితది. దొరికేదాంక ఉండనీ. ఉప్పడుగుతదా, పప్పడుగుతదా?"

నిజంగానే తీరిక దొరికినప్పుడల్లా ఒక ముక్క తీసి, పాత రిజిస్టర్లు తిరగేసి, దాని హీట్ వెతికేవాడు. దొరికిన రోజు క్యాంటీన్‌లో అందరికీ మిర్చి బజ్జీ. ఆయనకదో పిచ్చి అనుకున్నాను.

ఇక నా సంగతి. పది నక్షత్రాలు బుద్ధిగా ఒకే మాట చెప్పాయి. ఇనుము అటూ ఇటూగా సూర్యుడిలో ఉన్నంతే. పదకొండోది మొండికేసింది. దాంట్లో ఇనుము మూడో వంతు ఎక్కువ. మళ్లీ కొలిచాను, ఎక్కువే. వేరే నెల పలక పెట్టాను, ఎక్కువే. ఏడుసార్లు కొలిచి, ఏడోసారి యంత్రాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పక్కనున్న ఇన్‌చార్జి గారు, "అమ్మాయ్, దానికి తెలుగు రాదు," అన్నారు.

మా గైడు గారు చెడ్డవారు కారు. కాకపోతే తొందర మనిషి. "కొలతలో ఏదో పొరపాటుంది. లేదా దాన్ని వదిలెయ్యమ్మా. పది చాలు కదా?" అన్నారు. మార్చి నెలాఖరుకి సమర్పించకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. అప్పటికే రెండుసార్లు గడువు పెంచారు, మూడోసారి లేదని కాగితం కూడా వచ్చింది. పదకొండో నక్షత్రాన్ని ఉంచితే ఒకే మబ్బు, ఒకే పాళ్లు అన్న నా మాట నిలబడదు, ఎందుకలా ఉందో చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క జవాబూ లేదు. తీసేస్తే అంతా అందంగా కుదిరిపోతుంది. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, టైపుకి ఇవ్వాల్సిన పట్టికలో పదకొండో వరుస మీద వైట్‌నర్ పూశాను. ఆరేదాకా ఊదాను కూడా. సిగ్గేసింది. సిగ్గేస్తూనే ఊదాను.

ఆ మర్నాడే ఫౌండ్రీలో పెద్ద గొడవ అయింది, దానికి కారణం నేనే. క్రోమియం కలిపిన ఉక్కుతో నలభై వాల్వులు పోశారు. ఆ హీట్ బిళ్ల నేను చదివాను. ఉండాల్సిన క్రోమియంలో సగం కూడా లేదు. ఇన్‌చార్జి గారు నా కాగితం చూసి, నలభైనీ పగలగొట్టి మళ్లీ కరిగించమన్నారు. అయిదు నిమిషాల్లో ఉస్తాద్ ల్యాబులో ఉన్నాడు. తలకి కట్టుకున్న తువ్వాలు చేతిలోకి వచ్చేసింది.

"ఎవలు సూసిండ్రు?"

"నేనే చూశాను."

"మల్లొక్కసారి సూడు."

"మూడుసార్లు చూశాను. నా కొలత తప్పు కాదు."

"నా హీట్ గూడ తప్పు గాదు!"

ఇద్దరం గుడ్లురిమి చూసుకుంటూ నిలబడ్డాం. ఆయనకి మా నాన్న వయసు. అయినా నేను తగ్గలేదు. ఇన్‌చార్జి గారు మధ్యలోకొచ్చి, "ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పయి ఉండాలి కదయ్యా," అన్నారు.

"ఎందుకుండాలె సార్?" అన్నాడు ఉస్తాద్. ట్రేలోంచి బిళ్ల తీసి నా మొహం ముందు పెట్టాడు. "ఈ ముక్క నా హీట్‌దే అని ఎవలన్నరు?"

"ట్రేలో మీ హీట్ నంబరు సుద్దతో రాసున్న గడిలోనే ఉంది కదా?"

"గడిల ఉన్నది. గడిల ఉంటె నాదైతదా?"

తిన్నగా గ్రైండింగ్ షెడ్డుకి నడిచాడు. వెనకాల మేం. బిళ్లని రాయికి ఆనించాడు. రవ్వలు తెల్లగా, బారెడు పొడుగున ఎగిరాయి. "సూసిండ్రా? క్రోమియం ఉంటె గింత పొడుగు ఎగురుతదా? బిడ్డ కొలిసింది కరెక్టే. గని ఇది నా హీట్ గాదు." ఇన్‌చార్జి గారు నిప్పురవ్వల్ని రిపోర్టులో రాయలేనని తల అడ్డంగా ఊపారు. ఉస్తాద్ ఇంకా గట్టిగా నొక్కాడు. బిళ్ల వేడెక్కింది. అప్పుడు గ్రైండరు మీద పనిచేసే అతను ముక్కెగరేసి, "ఎవలో ఈడ చాయ్ కాస్తున్నరు," అన్నాడు.

నిజమే. షెడ్డంతా అల్లం వాసన.

ఉస్తాద్ బిళ్లని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తిప్పి చూశాడు. ముందువైపు మేం నున్నగా అరగదీశాం కానీ, వెనకవైపు పోత గుంటల్లో పచ్చగా ఏదో ఇరుక్కుని మాడుతోంది. "ఆయ్!" అని ఒక్క కేక పెట్టి క్యాంటీన్ వైపు పరిగెత్తాడు. అంత వయసు మనిషి అలా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

క్యాంటీన్‌లో చాయ్ కాచేది ఒక బీహారీ అతను. ఉస్తాద్ చేతిలో బిళ్ల చూడగానే అతని మొహం వెలిగిపోయింది. "అరే, యే తో మేరా అద్రక్‌వాలా హై! కహాఁ మిలా?" అని, నాదే, ఎక్కడ దొరికిందంటూ చెయ్యి చాపాడు. ఎప్పుడో తుక్కులోంచి ఏరుకున్న ఆ పాత బిళ్లతోనే అతను రోజూ అల్లం దంచేవాడట. నిన్న ల్యాబుకి చాయ్ తెచ్చినప్పుడు, దంచుతూ దంచుతూ చేతిలోనే ఉండిపోయిన దాన్ని మా ట్రేలో పెట్టి గ్లాసులు అందించాడు. పోతూ పోతూ పక్కనున్న దాన్ని తీసుకుపోయాడు. రెండూ ఒకే అచ్చులో పోసినవి, ఒకేలా ఉంటాయి. పొద్దుటి నుంచి అల్లం సరిగ్గా నలగడం లేదని అతనూ పరేషాన్‌లోనే ఉన్నాడు. కొత్తదాని అంచు గరుకట.

గరుకు బిళ్లని కడిగి పలక తీశాం. క్రోమియం సరిగ్గా ఉంది, అణా పైసలతో సహా. నలభై వాల్వులు బతికాయి. ఇన్‌చార్జి గారు నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఉస్తాద్ నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"కోపం బెట్టుకోకు బిడ్డా. నీ కొలత తప్పు గాదు. నా హీట్ తప్పు గాదు. ముక్కనే మనది గాదు."

ఆ అల్లం బిళ్ల ఉస్తాద్ గూట్లో పదమూడోదై కూర్చుంది. చాయ్ అతను లబోదిబోమంటే, మర్నాడు ఉస్తాద్ ఇంటి నుంచి ఒక రాతి కల్వం తెచ్చిచ్చాడు.

సాయంత్రం బస్సులో రామచంద్రపురం దాటకుండానే నాకు తట్టింది. తట్టిందంటే మెల్లగా కాదు, పక్కావిడ మీద పడేంత గట్టిగా లేచి నిలబడ్డాను. నా కొలత తప్పు కాదు. ఒకే మబ్బు, ఒకే పాళ్లు అన్నదీ తప్పు కాదు. పదకొండోది ఆ కుటుంబంలోదే అని ఎవరన్నారు? పాత జాబితాలో ఉంది. జాబితాలో ఉంటే అయిపోతుందా? ఇంటికి పోయి జాబితా తీసి చూశాను. అది ఆకాశంలో ఎటు జరుగుతోందో చూసి కుటుంబంలో చేర్చారంతే. మనవైపు వస్తోందా, దూరంగా పోతోందా, ఎంత వేగంతో? ఆ గడిలో చిన్న గీత. ఎవరూ కొలవలేదు.

కొలవడానికి కావలసింది నా సంచిలో, పాత చీర ముక్కలో ఉంది. నక్షత్రం మనవైపు వస్తుంటే దాని గీతలు ఊదారంగు వైపు కాస్త జరుగుతాయి, దూరమవుతుంటే ఎరుపు వైపు. ఎంత జరిగాయో చూడటానికే కదా పైనా కిందా ఇనుము గీతలు! నేను రెండేళ్లుగా గీతల లోతు తప్ప, అవి ఎక్కడున్నాయో చూడనే లేదు. ముందుగా బ్లేడు తీసుకుని పట్టికలో వైట్‌నర్ గీకేశాను. కాగితం చిరిగింది. చిరగనీ అనుకున్నాను.

మూడు వారాలు పట్టింది. పది నక్షత్రాల వేగాలూ కుటుంబం లెక్కకి సరిగ్గా కుదిరాయి. పదకొండోది కుదరలేదు. దగ్గర దగ్గరగా కూడా లేదు. ఏదైనా జంట నక్షత్రం చుట్టూ తిరుగుతూ వేగం మారుతోందేమో అని మూడు నెలల పలకలూ పెట్టి చూశాను. మూడింట్లోనూ ఒకటే వేగం. అది సప్తర్షుల చుట్టం కానే కాదు. దారిలో పోతూ పక్కన కనపడిన పరాయిది.

ఆ మధ్యాహ్నం ల్యాబులోంచి పరిగెత్తుకుంటూ రేకుల గదికి పోయాను. "ఉస్తాద్! ముక్క మాది కాదు!"

ఆయన సంతోషపడ్డాడు. అయినా వెంటనే అడిగాడు, "మల్ల ఎవలది?"

"అది తెలీదు."

"తెల్వకుంటె? గాదని రాసి ఊకుంటవా? గాదన్నది సగం జవాబే బిడ్డా. అది గూడ యాడనో ఒక హీట్‌ల పుట్టిందే గదా."

చేతిలో ఉన్న పలక కాగితపు కవరు మీద 'ఏ కుటుంబం' అన్న చోట 'ఏదీ కాదు' అని రాయబోతుంటే ఆయనే ఆపాడు. "జాగ ఖాలీగ పెట్టు." ఖాళీగా పెట్టాను.

మార్చి ఇరవయ్యేడున గ్రంథం సమర్పించాను, పదకొండు వరుసలతో. మౌఖిక పరీక్షకి వచ్చిన పెద్దాయన మిగతా పేజీలు చకచకా తిప్పేసి, పదకొండో నక్షత్రం దగ్గర ఆగి, "అందరూ ఒప్పుకున్న జాబితాని అనుమానించాలని నీకెలా తోచిందమ్మా?" అన్నారు. గంభీరంగా ఏదో చెబుదామనుకున్నాను. "అల్లం వాసన వచ్చింది సార్," అని నోరు జారింది. ఇక కథంతా చెప్పక తప్పలేదు. గైడు గారు నేలచూపులు చూశారు. పెద్దాయన మాత్రం రెండోసారి చెప్పించుకున్నారు.

తరవాత సంగారెడ్డిలో లెక్చరరుగా చేరాను, పెళ్లయింది, అక్కడే ఇల్లు. పలకలు ఇనపపెట్టెలో పట్టుచీరల కింద. ఉస్తాద్ కూరగాయలు తీసుకుని మార్కెట్‌కి వచ్చేవాడు. నన్ను చూడగానే బాగున్నవా, పిల్లలెట్లున్నరు, ఇవేమీ అడిగేవాడు కాదు. "దొరికిందా?" అనేవాడు. "లేదు ఉస్తాద్." "దొరుకుతది తియ్," అని రెండు సొరకాయలు సంచిలో వేసేవాడు. మొదటిసారి మా ఆయన కంగారుపడి, "ఏం పోగొట్టావ్?" అన్నాడు. ఏళ్లు గడిచాయి. ఉస్తాద్ రిటైరయ్యాడు, మార్కెట్‌కి రావడం మానేశాడు. ఫౌండ్రీ మూతపడింది. నేను వెతికీ వెతికీ, నిజం చెప్పొద్దూ, వెతకడం మానేశాను.

రెండువేల సంవత్సరం ప్రాంతంలో మా కాలేజీకి ఒక సీడీ వచ్చింది. అంతరిక్షంలో తిరుగుతూ నక్షత్రాల దూరాలూ కదలికలూ కొలిచిన ఉపగ్రహం లెక్కలన్నీ అందులో ఉన్నాయి. కంప్యూటర్ గదిలో కూర్చుని ముందుగా కొట్టిన నంబరు ఏదో వేరే చెప్పాలా? దూరం తెలిసింది, కదలిక తెలిసింది. వేగం నా దగ్గర ఎప్పట్నుంచో ఉంది, పటాన్‌చెరులో కొలిచింది. మూడూ కలిపి కాగితం మీద లెక్క వేశాను. అది రోహిణి చుట్టుపక్కల కనిపించే నక్షత్రాల గుంపుతో పాటే పోతోంది. వేగం అదే, దిక్కు అదే. ఆ గుంపు నక్షత్రాల్లో ఇనుము సూర్యుడి కంటే ఎంత ఎక్కువో పుస్తకాల్లో ఎప్పట్నుంచో ఉంది. మూడో వంతు.

కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. అటెండరు తలుపులోంచి తొంగిచూసి, "పామొచ్చిందా మేడం?" అన్నాడు.

మర్నాడు ఆదివారం. కవరు చీర ముక్కలో చుట్టుకుని ఉస్తాద్ ఊరికి బస్సెక్కాను. ఆయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని కందులు చెరుగుతున్నాడు. కంటికి ఆపరేషనయి నల్లద్దాలు పెట్టుకున్నాడు. నా గొంతు వినగానే, ఎప్పటిలాగే, "దొరికిందా?" అన్నాడు.

"దొరికింది ఉస్తాద్."

చేట ఆగిపోయింది. పదిహేనేళ్ల నుంచి నేను లేదంటున్నాను, ఆయన దొరుకుతది తియ్ అంటున్నాడు. ఈసారి ఆయన మాట మారింది.

"ఎవలది?"

"రోహిణి వాళ్లది."

"మన రోహిణి కార్తెల రోహిణేనా?"

"ఆ రోహిణే."

"ఆడికెల్లి గీడిదాంక వచ్చిందా!" అని నల్లద్దాలు తీసేసి కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. అంత సంతోషం నాకు డాక్టరేట్ వచ్చిన రోజు కూడా లేదు.

లోపల ఆయన భార్య చాయ్‌కి అల్లం దంచుతోంది. టకటకమని ఇనుము చప్పుడు. తొంగిచూస్తే ఆవిడ చేతిలో ఆ బిళ్ల! ఫౌండ్రీ మూసేసిన రోజు గూట్లోవన్నీ మూటకట్టుకుని తెచ్చుకున్నాడట.

"దాని హీట్ దొరికిందా ఉస్తాద్?"

"ఇగ దొరకది. రిజిస్టర్లన్ని తుక్కు కింద అమ్మేసిండ్రు," అన్నాడు. కాసేపు చేటలో కందులు కదిపాడు. "నీదన్న దొరికింది. రాయి. నా ముంగటనే రాయి."

కవరు తీసి, పెన్ను తీసి, పదిహేనేళ్లుగా ఖాళీగా ఉన్న చోట 'రోహిణి' అని రాశాను. ఆయన కవరు అందుకుని, పంచు కొట్టిన నంబరు తడిమినట్టు దాని మీద బొటనవేలు ఆడించాడు. కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు.

"గింత సన్నగ రాస్తే ఎవలకు కనవడ్తది? పెద్దగ రాయి."

రెండోసారి కవరు నిండా పెద్ద అక్షరాలతో రాశాను.